చివరి చరణంలో రెండో గొంతు

సౌండు మిక్సర్ బల్ల అంచుకు తెల్లటేపు అంటించి, ఆ సాయంత్రం వాయించబోయే ఐదు బ్యాండ్ల పేర్లూ వరసగా రాస్తూ వచ్చిన ఆమె మూడో పేరు దగ్గర పెన్ను ఆపేసింది. అప్పుడే గేటు దగ్గర వ్యాను ఆగింది. అందులోంచి దిగినవాడు, పద్నాలుగేళ్ళ కిందట ఒక పాట చివర గిటారు కింద పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా ఊరు వదిలి వెళ్ళిపోయిన మనిషి. జాబితాలో బ్యాండ్ల పేర్లే గాని మనుషుల పేర్లు లేవు కాబట్టి, అతను వస్తున్నాడని ఆమెకు ముందుగా తెలిసే దారి లేదు. కుర్చీలోంచి లేవబోయి, లేవకుండా, బల్ల పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఎంతసేపని అలా ఉంటుంది? ఆరింటికి జనం వస్తారు. ఈలోగా ఐదు బ్యాండ్లకూ సౌండు సరిచూడాలి.

ఆ హాలు ఒకప్పుడు కాగితం బేళ్ళు పేర్చుకునే గోడౌను. బేళ్ళు పోయి పదేళ్ళయినా గోడల్లో ఆ వాసన మిగిలింది. ఎత్తుగా ఉన్న చెక్క అరలను ఎవరూ పీకలేదు. అవి ఉండబట్టే అక్కడ పాట పగిలిపోకుండా నిలబడుతుందని ఆమె నమ్మకం. నెలకోసారి, పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా పాటలు కట్టుకునేవాళ్ళంతా వచ్చి అక్కడ వాయిస్తారు. సౌండు సెట్టు ఆమె అన్నయ్యది. స్పీకర్లు మోయించడం, వైర్లు లాగించడం, గేటు దగ్గర జనాన్ని చూసుకోవడం అతని పని. మిక్సర్ ఆమెది. పదహారేళ్ళ పిల్లలూ, అరవై దాటినవాళ్ళూ కూడా ఆమెను మిక్సరక్కా అనే పిలుస్తారు. ఆమె అసలు పేరు అడిగినవాళ్ళు లేరు. ఒకప్పుడు ఆమె పాడేదని తెలిసినవాళ్ళు అంతకంటే లేరు.

ముందు అత్తాకోడళ్ళ బ్యాండు వచ్చింది. అత్తగారిది వయొలిన్, కోడలిది గిటారు. కోడలు మిక్సర్ దగ్గరికొచ్చి, వయొలిన్‌ని గిటారు కంటే ఒక మెట్టు పైనే ఉంచమని చెవిలో చెప్పింది.

"హాల్లో వినబడకపోతే ఇంటికెళ్ళాక నాకు వినబడుతుందక్కా."

ఆమె నవ్వి, గోళ్ళరంగు సీసా మూత తీసింది. అది ఆమె అలవాటు. ఏ బ్యాండుకు ఏ నాబ్ ఎంత తిప్పాలో తేలాక, ఆ చోట ఒక చుక్క పెడుతుంది. ఒక్కో బ్యాండుకు ఒక్కో రంగు. గోళ్ళకు మాత్రం ఎప్పుడూ వేసుకోదు. అత్తాకోడళ్ళకు నారింజ. తరువాత వచ్చిన ముగ్గురు పంటి డాక్టర్లకు నీలం. వాళ్ళు డ్రమ్ములు బాదుతుంటే అరల మీది దుమ్ము రాలి, ఆమె బల్ల మీద పలచగా పరుచుకుంది. మూడో బ్యాండు అతను వచ్చిన వ్యానుది. దానికి ఎరుపు.

పాడేవాడి కాళ్ళ దగ్గర, జనానికి వీపు పెట్టి ఒక చిన్న స్పీకరు కూర్చుని ఉంటుంది. మానిటర్ అంటారు. పెద్ద స్పీకర్లలో వినబడేది జనానికి. ఇందులో వినబడేది పాడేవాడికి ఒక్కడికే. అది లేకపోతే డ్రమ్ముల మోతలో తన గొంతు తనకే చిక్కదు. వాళ్ళ పాత బ్యాండులో దీనికో కట్టుబాటు ఉండేది. ఒక్కొక్కరూ తమ మానిటర్లో పక్కవాళ్ళది ఒక్కటే అడగాలి. అతను ఎప్పుడూ ఆమె గొంతు అడిగేవాడు. ఆమె అతని గొంతు అడిగేది. అతను వేదిక ఈ చివర, ఆమె ఆ చివర, మధ్యలో డ్రమ్ములు. అయినా ఒకరి కాళ్ళ దగ్గర ఒకరు పాడుకునేవాళ్ళు. హాలు నిండా జనం ఉన్నా అది ఇద్దరు మాత్రమే కూర్చున్న గది. ఆ గదికి తలుపులు తీసేదీ మూసేదీ మిక్సర్ దగ్గర కూర్చున్న అన్నయ్య.

మూడో బ్యాండు వేదిక ఎక్కకముందే ఆమె వెళ్ళి మానిటర్‌ని అతను నిలబడే చోటుకు ఎడమ పక్కన పెట్టి వచ్చింది. ఎడమ పక్కన ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. చేతులు పెట్టాయి. ఏళ్ళ తరబడి మనసు కొట్టేసిన సంగతులను చేతులు భద్రంగా దాచుకుంటాయి. అతనికి ఎడమ పక్కనే ఇష్టం అని ఆ చేతులకు గుర్తుంది.

అతను వచ్చాడు. గిటారు పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో ఎత్తుకుని వచ్చాడు. చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది. మానిటర్‌ని ఒక్క క్షణం చూశాడు. తరువాత కాలితో, తొందర లేకుండా, దాన్ని ఎడమ నుంచి కుడికి జరిపాడు.

అంతే జరిగింది. అంతకంటే ఏమీ జరగలేదు. ఆమెకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. చెప్పకుండా వెళ్ళిపోయిన నాడు కూడా ఇంత చిన్నబోలేదు. ఆ నాటి దెబ్బ పెద్దది, దానికి ఏడుపు సరిపోయింది. ఇది చిన్నది. ఏడవడానికి చాలదు, ఊరుకోవడానికి ఎక్కువ. పాత చోటు కూడా నాకు అక్కర్లేదు అని అతను అన్నట్టే ఆమెకు వినబడింది.

నిజానికి ఆమెకు ఒక జవాబు బాకీ ఉన్నాడతను. ఆ చివరి ప్రదర్శన రోజు మధ్యాహ్నం, పెద్ద ఊరికి వెళ్ళి పాటలు రికార్డు చేద్దాం, నాతో వస్తావా అని అడిగాడు. వస్తావా అన్న మాటలో పాటలు ఒక్కటే లేవని ఇద్దరికీ తెలుసు. ఆమె ఏ సంగతీ మొహం మీద చెప్పగలిగే మనిషి కాదు. పాటలో చెప్తానంది. వాళ్ళ ఆఖరి పాటలో చివరి చరణం అతను ఒంటరిగా పాడేది. రెండో గొంతు ఉండదు. "నేను వస్తున్నట్టయితే ఆ చరణంలో పాడతాను" అంది.

ఆ సాయంత్రం పాడింది. దీపం ఆర్పేయకు, దారిలో ఉన్నాను అన్న రెండు వరసలూ, వణుకుతూనే, పాడింది. అతను కళ్ళు మూసుకుని పాట ముగించి, గిటారు కింద పెట్టి, ఆమె వైపు చూడకుండా దిగిపోయాడు. తెల్లారి ఊళ్ళో లేడు.

అడిగినవాడే అవునన్న జవాబు విని పారిపోయాడు. పద్నాలుగేళ్ళుగా ఆమె దగ్గరున్న అర్థం అదొక్కటే. దాని మీదే ఇల్లు కట్టుకుంది. పాడటం మానేసింది, మిక్సర్ నేర్చుకుంది, పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు అన్నయ్యను చూపించి, ఈయనకు అన్నం పెట్టేవాళ్ళు ఎవరని నవ్వేసింది. ఏ పాట విన్నా ముందు రెండో గొంతు ఎక్కడుందా అని వెతికే చెవి మాత్రం మానలేదు.

వైరు మీద టేపు వెయ్యాలన్న నెపంతో ఆమె వేదిక ఎక్కింది. పక్కన పంటి డాక్టర్లు ఇంకా డ్రమ్ములు విప్పుతూ, ఏ స్క్రూ ఎవరిదని వాదించుకుంటున్నారు. అతను తీగలు బిగిస్తూ వంగి ఉన్నాడు. అతని ఎడమ పక్కన నిలబడి, అది అక్కడ బాగాలేదా అని అడిగింది. అతను తల ఎత్తలేదు. ఇంకోసారి, కొంచెం గట్టిగా అడిగింది. తీగ బిగించుకుంటూనే ఉన్నాడు. ఇంత పొగరా అనుకుంటూ చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చేసరికి అతను ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పుడొచ్చావు?"

"రెండుసార్లు అడిగాను."

"ఎటువైపు నుంచి?"

ఆమె చూపించింది. అతను నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మారలేదు, ముందు ఒక పెదవి చివర మొదలై రెండోదాన్ని ఒప్పించి తీసుకొస్తుంది.

"అటు పక్క వాటా ఖాళీ. తలుపు కొట్టినా ఎవరూ పలకరు."

ఎప్పటి నుంచని అడిగింది. అతను బిరడా తిప్పి, తీగ మీటి, కుడి చెవి వంచి విన్నాడు. మనం ఆఖరిసారి పాడిన సాయంత్రం నుంచి అనుకుంటా అన్నాడు.

తరువాత అతను చెప్పింది ఆమె కదలకుండా విన్నది. ఆ రోజు చివరి చరణంలో అతని మానిటర్లో ఆమె గొంతు రాలేదు. రెండు వరసలూ ఖాళీగా వెళ్ళిపోయాయి. రానందనుకున్నాడు. జవాబు పాటలోనే చెప్తానన్న మనిషిని మళ్ళీ మాటల్లో అడిగి ఇబ్బంది పెట్టకూడదనుకున్నాడు. అందుకే మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. రెండేళ్ళ తరువాత ఎడమ చెవిలో గుయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ మిగలనప్పుడు డాక్టరు దగ్గరికి వెళితే, ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు, లోపల ఎప్పటి నుంచో పోతూ వచ్చింది అన్నాడట. అప్పుడు పుట్టింది అనుమానం. ఆమె పాడి ఉంటే? మానిటర్ ఎడమ పక్కనే ఉంది కదా. తనకే వినబడకపోయి ఉంటే?

"మీ సౌండు షాపుకి రెండుసార్లు ఫోన్ చేశాను. మీ అన్నయ్య ఎత్తారు. నువ్వు బాగున్నావని, పాతవి కదపొద్దని అన్నారు. నిజమే కదా అనుకున్నాను."

"నాకు చెప్పలేదు."

"మర్చిపోయుంటారు."

రెండుసార్లూ మర్చిపోయే మనిషి కాదు అన్నయ్య. ఏ స్పీకరు ఎవరికిచ్చాడో, ఎన్నేళ్ళయినా కాగితం చూడకుండా చెప్తాడు. ఆ ఆలోచన ఆమెలో లేచి, నిలబడటానికి చోటు దొరక్క కూర్చుంది. ఎందుకంటే అతను ఇంకా ఏదో చెప్తున్నాడు. కుడి చెవికీ అదే మొదలైందట. ఇంకో ఏడాది అన్నాడట డాక్టరు, అదీ గట్టిగా చెప్పలేదట.

"అందుకని వచ్చాను. ఒక్కటి అడిగి వెళ్ళిపోదామని." అతను గిటారు పక్కన పెట్టాడు. "ఆ చరణంలో పాడావా?"

డాక్టర్లకు స్క్రూ దొరికినట్టుంది, వాదన ఆగింది. హాలంతా ఒక్కసారి ఖాళీ అయినట్టనిపించింది. ఇన్నేళ్ళు ఆమె ఊహించుకున్న పోట్లాటలన్నిటిలోనూ తను అడిగేది, అతను తల దించుకునేవాడు. ఇప్పుడు అడుగుతున్నది అతను. కట్టుకున్న ఇంటికి అసలు పునాదే లేదని తెలిసినప్పుడు కూలిపోవాలి కదా. కూలలేదు. కిటికీ తెరుచుకున్నట్టుంది. చల్లగా ఉంది, భయంగానూ ఉంది.

"పాడాను. రెండు వరసలూ."

అతను స్పీకరు పెట్టె మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, నేల వంక చూశాడు. ఎలా పాడావని అడిగాడు. వణుకుతూ పాడానంది. నీ గొంతు వణికితే బాగుంటుంది అన్నాడు. ఎవరో చనిపోయినవాళ్ళ గురించి చెప్పుకుంటున్నట్టు మాట్లాడుకున్నారు, వాళ్ళ గురించి వాళ్ళే.

"ఇవాళ పాడు. కుడి పక్క నుంచి. ఇది ఉండగానే వింటాను."

మిక్సర్ దగ్గర ఎవరూ లేరంది. అది సాకని ఆమెకూ తెలుసు.

"ఎందుకు లేరు? నేను లేనూ?"

వెనక అన్నయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో టీ ఫ్లాస్కు, దాని మీద బోర్లించిన మూడు కప్పులు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. అతను లేచి నమస్కారం పెట్టాడు. అన్నయ్య అతన్ని పైనుంచి కిందికి చూసి, సన్నబడ్డావన్నాడు. మీరు అలాగే ఉన్నారని అతనంటే, అన్నయ్య టోపీ తీసి బట్టతల చూపించి, ఇది అలాగే ఉందా అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నాన్న పోయినప్పుడు ఆమెకు పదేళ్ళు, అన్నయ్యకు పద్దెనిమిది. ఆమెకు జడలు వెయ్యడం నేర్చుకున్నది అన్నయ్యే, మొదటి మైకు చేతికిచ్చిందీ అన్నయ్యే. ఆమెను పిట్టా అని పిలిచే మనిషి లోకంలో ఒక్కడు.

"వెళ్ళు పిట్టా. ఎన్నాళ్ళయింది నీ పాట విని. మిక్సర్ నేను చూసుకుంటా."

కప్పు అందించాక అన్నయ్య, బిగించిన ఫ్లాస్కు మూతనే మళ్ళీ బిగించాడు. వయసనుకుంది.

ఆరింటికి హాలు నిండింది. అత్తగారి వయొలిన్‌కి జనం ఈలలు వేస్తే ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కోడలు మిక్సర్ వైపు చూసి రెండు చేతులూ జోడించింది. డాక్టర్లు వాయించినంతసేపూ ముందు వరస పిల్లలు దవడలు పట్టుకుని గెంతారు. ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆమె మాత్రం పద్నాలుగేళ్ళ అవతల ఉన్న మరో మధ్యాహ్నంలో తిరుగుతోంది. అప్పుడు వైర్లు దులుపుతున్న అన్నయ్య దగ్గరికి వెళ్ళి తను అన్న మాట గుర్తొచ్చింది. "అన్నయ్యా, చివరి చరణంలో కూడా నా మైకు ఉంచు. అతనికి బాగా వినబడాలి." ఎందుకని అన్నయ్య అడగలేదు. అడగకుండానే తెలుసుకునే మనిషి. వైరు చుడుతూ చుడుతూ ఒక్క క్షణం ఆగి, సరే అన్నాడు.

ఏడున్నర కావస్తుండగా ఆమె మిక్సర్ మీద ఎనిమిదో నిలువు వరసలో తన మైకు తెరిచింది. పైనున్న నాబ్, అతని మానిటర్‌లోకి ఆమె గొంతును పంపేది, ముప్పావు దాకా తిప్పి, అక్కడ ఎర్రచుక్క పెట్టింది. రంగు ఆరేదాకా ఊదింది. దీన్ని కదపకన్నయ్యా, మిగతావి నీ ఇష్టం అని చెప్పి కుర్చీ ఇచ్చింది. అన్నయ్య ఆ చుక్క వంక చూసి తల ఊపాడు.

వేదిక ఎక్కి అతనికి కుడి పక్కన, మూడడుగుల దూరంలో నిలబడింది. దీపాల వేడి మొహానికి తగిలింది. మొదటి పాట అతనొక్కడే పాడాడు. రెండోది ఆ పాత పాట. అతను ఆమె వైపు చూడలేదు, చూస్తే పాడలేడని ఆమెకు తెలుసు. మొదటి చరణంలో రెండో గొంతు ఎక్కడ కలవాలో ఆ చోటు వచ్చింది. ఊపిరి తీసుకుని కలిసింది.

గొంతు వచ్చింది. తుప్పు పట్టలేదు. ఎదుట గోడకు తగిలి, అరల మధ్య నుంచి మెత్తగా తిరిగి వచ్చింది. జనం వింటున్నారు. ముందు వరసలో కోడలు నోరు తెరిచి, మిక్సరక్కేనా అన్నట్టు అత్తగారి మోచెయ్యి పట్టుకుంది.

అతను మాత్రం ఆమె వైపు తిరిగాడు. ఆ మొహం ఆమె ఎరుగును. పద్నాలుగేళ్ళ కిందట డ్రమ్ముల సందులోంచి సగమే చూసిన మొహం, ఇప్పుడు మూడడుగుల దూరంలో, నిండుగా ఉంది. పాడుతూనే కుడి చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇదీ పోయిందా అన్న భయం ఆ చేతిలో ఉంది. వంగి మానిటర్‌కి చెవి దగ్గర పెట్టాడు. ఆమె కూడా వంగింది. అందులో గిటారు వస్తోంది. డ్రమ్ములు వస్తున్నాయి. అతని గొంతు వస్తోంది. ఆమె ఒక్కతే లేదు.

అతను మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. భయం పోయి, దాని చోటులో మరొకటి వచ్చింది. చెవి బాగానే ఉంది. ఈ రోజు బాగానే ఉంది. ఆ రోజు ఎడమదీ బాగానే ఉండి ఉంటుంది.

ఇద్దరూ ఒకేసారి హాలు చివరికి చూశారు.

మిక్సర్ మీది చిన్న దీపం వెలుగులో అన్నయ్య కూర్చుని ఉన్నాడు. బల్ల వంక చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాడు, చిన్నప్పుడు బడి గేటు దగ్గర దించి, లోపలికి వెళ్ళేదాకా చూసినట్టు. కుడి చెయ్యి పై వరసలో, ఎర్రచుక్క పెట్టిన ఎనిమిదో నాబ్ మీద ఉంది. వాళ్ళు చూస్తున్నారని తెలిసి కూడా తియ్యలేదు.

రెండో చరణం అయిపోతోంది. ఆమె మైకును దాని స్టాండులోనే వదిలేసింది. మూడడుగులూ నడిచి అతని కుడి భుజం దగ్గర ఆగింది. చెవి పక్కన తెల్లబడిన వెంట్రుకలు కదిలేటంత దగ్గరికి వచ్చింది. ఇక్కడ పాడితే జనంలో ఒక్కరికీ వినబడదు. మధ్యలో ఏ వైరూ లేదు.

వేదిక మీద నుంచి మిక్సర్‌కి, మిక్సర్ నుంచి వేదికకి, పెదాలు చదివి మాట్లాడుకోవడం అన్నాచెల్లెళ్ళకు పాత అలవాటు. అన్నయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అంత దూరంలో కూడా ఆమెకు ఆ పెదాలు తెలిశాయి.

వద్దు పిట్టా.

చివరి చరణానికి ఇంకా నాలుగు డ్రమ్ము దెబ్బలున్నాయి. ఆమె ఊపిరి తీసుకుంది.